ఆ సిస్టరు చాలా మంచిది

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించే రోజున చేతికిచ్చే కాగితాల దొంతరలో డిశ్చార్జ్ సమ్మరీ అని ఒకటుంటుంది. పెద్ద డాక్టరు పేరు, ఆయన డిగ్రీలు, ఆపరేషన్ చేసినవారి పేరు, మత్తు ఇచ్చినవారి పేరు, వాడాల్సిన మందులు, మళ్లీ ఎప్పుడు రావాలో ఆ తేదీ, అన్నీ అందులో ఉంటాయి. అన్ని రోజులూ మందు మింగించి, సెలైన్ ఎక్కించి, అర్ధరాత్రి లేపి బీపీ చూసిన మనిషి పేరు మాత్రం ఎంత వెతికినా కనిపించదు. ఆమె ఉండేది బిల్లులో. గది అద్దెకూ ఆక్సిజన్‌కూ మధ్య ఎక్కడో 'నర్సింగ్ ఛార్జీలు' అని, రోజుకింత చొప్పున ఒక వరస. ఈ కాగితాలన్నీ సంచీలో పెట్టుకుని బయటికొచ్చే కుటుంబం మాత్రం ఆటో ఎక్కకముందే ఆమె మాట ఎత్తుతుంది. డాక్టరుగారు దేవుడే, కాదనం గానీ, ఆ నైట్ డ్యూటీ సిస్టరు లేకపోతే నాన్న మనకు దక్కేవాడు కాదు అనుకుంటారు. చూడ్డానికొచ్చిన చుట్టాలకు ఇదే కథ వారం రోజులు చెబుతారు. ఆవిడ పేరేమిటని ఎవరైనా అడిగితే తెల్లమొహం వేస్తారు. ఏమో, అందరం సిస్టరనే పిలిచేవాళ్లం, కేరళ అమ్మాయి కాబోలు, తెలుగు వచ్చీరానట్టు మాట్లాడేది, చాలా మంచిది.

ఈ పొగడ్తలో ఒక విషయం నన్ను చాలాకాలంగా గుచ్చుతోంది. డాక్టరు గురించి చెప్పేటప్పుడు మనం ఆయన చేసిన పని చెబుతాం. రెండు స్టెంట్లు వేశాడు, రాయి తీసేశాడు, మందు మార్చగానే జ్వరం దిగింది అంటాం. నర్సు దగ్గరికొచ్చేసరికి చేసిన పని మాయమై స్వభావం ఒక్కటే మిగులుతుంది. మంచిది, ఓపికమంతురాలు, నవ్వు మొహం, మహాతల్లి, ఏ జన్మలోనో మన ఇంటి ఆడపడుచు. ఆయనకు విద్య, ఆమెకు గుణం. కళ్లనీళ్లతో ఈ మాటలనేవాళ్లను తప్పుపట్టడానికి మనసొప్పదు. వాళ్ల కృతజ్ఞతలో అబద్ధం లేదు. అయినా అనుమానం వదలదు. ఇంత నిండు కృతజ్ఞత ఆమె ఏం చేసిందో చూడకుండానే ఆమెను నెత్తిన పెట్టుకుంటోందేమో. ఆ కుటుంబానికి దక్కినదాంట్లో దయ ఉంది, సందేహం లేదు. కానీ అంతకంటే ఎక్కువగా దక్కింది, ఒక మనిషి తమవాణ్ని రాత్రంతా కనిపెట్టుకుని ఉండటం. అలా ఉండటం నేర్చుకుంటే వచ్చే పని. దానికి సమయం కావాలి. ఆ సమయం ఆమె చేతిలో కన్నా ఆసుపత్రి చేతిలో ఎక్కువ ఉంటుంది.

నేర్చుకుంటే వచ్చే పని అన్నానుగా, రాత్రి రెండు గంటలప్పుడు ఆమె మంచం దగ్గరికొచ్చి ఏం చేస్తుందో చూస్తే తెలుస్తుంది. మణికట్టు పట్టుకుంటుంది. నాడి చూస్తోందనుకుంటాం. నాడి లెక్క అయ్యాక కూడా చెయ్యి వదలదు. చూపు మాత్రం వాచీ మీది నుంచి రోగి ఛాతీ మీదికి, మళ్లీ వాచీ మీదికి పోతూ ఉంటుంది. ఊపిరి లెక్కపెడుతోందన్నమాట. ఎవరో లెక్కపెడుతున్నారని తెలిస్తే ఊపిరి తీసే తీరే మారిపోతుంది గనక, నాడి పట్టుకున్నట్టే ఉంటూ ఊపిరి లెక్కపెట్టమని నర్సింగ్ స్కూల్లో నేర్పుతారు. పక్కన స్టూలు మీద కూర్చున్న కూతురికి అది ఆప్యాయంగా చెయ్యి పట్టుకోవడంలా కనిపిస్తుంది. ఆప్యాయత ఉంటే ఉండొచ్చు. ఆ నిమిషంలో జరుగుతున్నది మాత్రం కొలత. పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 దాకా ఉండాల్సిన ఊపిరి 26కో 28కో చేరితే, బీపీ బాగానే ఉన్నా, ఒళ్లు వేడిగా లేకపోయినా, లోపల ఏదో మొదలై ఉండవచ్చని లెక్క. ఆ తర్వాత క్యాన్యులా గుచ్చిన చోట ఎర్రబడిందేమో వేలితో మెల్లగా నొక్కి చూస్తుంది. యూరిన్ బ్యాగు మీద గీతలు చూసి ఎన్ని మిల్లీలీటర్లో చార్టులో రాస్తుంది. దుప్పటి తొలగించి మడమలు, నడుము కింద ఎముక ఒత్తుకునే చోటు చూస్తుంది. మంచాన పడినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే అక్కడే చర్మం కమిలి పుండు పడుతుంది. ఇటు తిరగండి నాన్నగారూ అని, వీపు వెనక ఒక దిండు దోపుతుంది. ఇంటివాళ్లకు గుర్తుండిపోయేది ఆ 'నాన్నగారూ' అన్న పిలుపు. పుండు పడలేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. పడనిదాన్ని ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు?

అంకెలన్నీ సరిగ్గానే ఉన్నా, ఎందుకో తేడాగా ఉన్నారు సార్, ఒకసారి వచ్చి చూడండి అని డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసే సిస్టర్లుంటారు. దీన్ని మనం ఆడవాళ్ల మనసు అనో, దేవుడు చెప్పించాడనో అనుకుంటాం. వైద్యశాస్త్రం దీన్ని ఇంకో రకంగా తీసుకుంది. 1990లో ఆస్ట్రేలియాలో, సిడ్నీలోని లివర్‌పూల్ ఆసుపత్రిలో, రోగి గుండె ఆగేదాకా కాచుకోకుండా పరిస్థితి దిగజారడం మొదలవగానే పరుగెత్తుకొచ్చే ఒక వైద్య బృందాన్ని ఏర్పాటు చేశారు. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది. నాడి ఇంత దాటితే పిలవండి, ఊపిరి ఇంత దాటితే పిలవండి అని ఇలాంటి బృందాలకు హద్దులు రాసిపెడతారు. వాటితో పాటు రాసిన ఇంకో కారణం, రోగిని చూస్తే సిబ్బందికి దిగులుగా అనిపించడం. అంకె చూపించనక్కర్లేదు, ఆ దిగులే చాలు. ఒకే మొహాన్ని రాత్రి పదింటికీ, పన్నెండింటికీ, రెండింటికీ చూసినవాళ్లకు ఆ మొహంలో వచ్చిన మార్పు అంకెకంటే ముందు తెలుస్తుందన్న నమ్మకం ఆ నియమం వెనక ఉంది. దీన్ని దైవికం అనేస్తే ఆ మూడుసార్లు రావడాన్ని లెక్కలోంచి తీసేసినట్టే.

మూడుసార్లు రాగలగాలంటే మిగతా మంచాలు ఎన్నుండాలి? అసలు ప్రశ్న అక్కడుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల వివరాలు తీసుకుని లిండా ఐకెన్ బృందం చేసిన పరిశోధన 2002లో అచ్చయింది. ఆపరేషన్ చేయించుకున్న రోగుల లెక్కలు చూస్తే, నర్సుకు అప్పగించిన రోగుల సంఖ్య ఒక్కటి పెరిగిన ప్రతిసారీ, చేరిన 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని అందులో తేలింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల మీద చేసిన అధ్యయనంలోనూ అదే 7 శాతం కనిపించింది. కాలిఫోర్నియా 1999లోనే దీని మీద చట్టం చేసి, 2004 నుంచి ఏ వార్డులో ఒక నర్సుకు ఎంతమందిని మించి అప్పగించకూడదో ఖాయం చేసింది. మన దగ్గరా కాగితం మీద ప్రమాణాలకు కొదవలేదు. సాధారణ వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు అన్నది కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ పెట్టిన లెక్క. రాత్రిపూట ఒకే సిస్టరు ఇరవై ముప్పై మంచాలకు జవాబు చెప్పుకోవాల్సి రావడం మన పెద్దాసుపత్రుల్లో వింతేమీ కాదు. ఒక్కో మంచం దగ్గర పది నిమిషాలు నిలబడితే ముప్పై మంచాలకు అయిదు గంటలు. చార్టులు రాయడం, ఇంజెక్షన్లు కలపడం, కొత్తగా వచ్చిన కేసును చేర్చుకోవడం, ల్యాబ్‌కు ఫోన్ చేయడం అందులో చేరలేదు. ఈ లెక్క చూశాక, ఆ సిస్టరు మా నాన్న దగ్గర పావుగంట నిలబడింది అన్న మాట వేరే రకంగా వినిపిస్తుంది. ఆ పావుగంట ఏ మంచం దగ్గరి నుంచి వచ్చింది?

మనిషి గుణానికి ఏ విలువా లేదంటున్నావా అని ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా. అదే వార్డు, అవే మంచాలు. పగటి డ్యూటీ ఆవిడ ఏమడిగినా కసురుకుంటుంది, రాత్రి ఆవిడ పిలవకముందే వస్తుంది. తేడా మనిషిలో లేదా? ఉంది. నర్సులే ఒప్పుకుంటారు. ఎంత పని ఒత్తిడి ఉన్నా మాట జారనివాళ్లుంటారు, తీరిగ్గా ఉన్నా మొహం చిట్లించేవాళ్లూ ఉంటారు. నాకున్న పేచీ ఆ గుణాన్ని మెచ్చుకోవడంతో కాదు. గుణం మీదే అంతా ఆనించి ఊరుకోవడంతో. కసురుకున్న ఆవిడకు ఆ ఉదయం రెండు ఆపరేషన్ కేసులు, మూడు డిశ్చార్జీలు, రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు చీవాట్లు ఉన్నాయేమో మనకు తెలియదు. ఒకరిని దేవతను చేసిన నోటితోనే ఇంకొకరిని రాక్షసిని చేస్తాం. ఇద్దరి మధ్యా ఉన్న డ్యూటీ చార్టు మనకు కనబడదు. మంచిదనం వల్ల మాత్రమే బతికే ఏర్పాటులో, మంచిదానికి సెలవు దొరికిన రాత్రి రోగి గతేమిటి?

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రాసిన చిన్న పుస్తకంలో దీనికోసం ఒక అధ్యాయమే కేటాయించింది. నువ్వు ఉన్నప్పుడు జరిగే పని నువ్వు లేనప్పుడు కూడా జరిగేలా చూడటం తెలియకపోతే, ఎంత ప్రేమగా చేసినా ఆ సేవ చెడిపోతుందన్నది అక్కడ ఆమె మాటల సారం. లోకం మాత్రం ఆమె చేతిలో దీపాన్నే గుర్తుపెట్టుకుంది. క్రిమియా యుద్ధంలో స్కుటారి ఆసుపత్రికి ఆమె 1854 నవంబరులో చేరింది. ఆ చలికాలమంతా ఆమె, ఆమె తోటివాళ్లు రాత్రింబవళ్లు చాకిరీ చేస్తూనే ఉన్నా సైనికులు కుప్పలుగా చనిపోయారు. 1855 మార్చిలో వచ్చిన శానిటరీ కమిషన్ మురుగు కాలువలు బాగుచేయించి, గాలి వచ్చే దారులు తెరిపించాక చావులు బాగా తగ్గాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఆ మరణాల లెక్కలు ముందేసుకుని కూర్చుని, రంగుల పటాలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది కూడా ఆమే. లండన్ స్టాటిస్టికల్ సొసైటీ సభ్యత్వం ఇచ్చిన మొదటి స్త్రీ ఆవిడ. ఎంత ప్రేమ ఉన్నా మురుగు కాలువ బాగుపడందే మనుషులు బతకరని ఒప్పుకున్నది దీపంతో తిరిగిన మనిషే అన్నమాట. ఆమె పుట్టినరోజైన మే 12న, నర్సుల దినోత్సవమని పువ్వులు పంచే మనం ఆ లెక్కల కాగితాలను ఎందుకో పక్కన పెట్టేశాం.

మనకు దగ్గర్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. ముంబయి కెయీఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరులో అదే ఆసుపత్రిలో పాశవికమైన దాడి జరిగింది. మెదడు దెబ్బతిని, 2015 మే 18న చనిపోయేదాకా ఆమె ఆ ఆసుపత్రి మంచం మీదే ఉంది. రక్తసంబంధీకుల రాకపోకలు కాలక్రమంలో ఆగిపోయాయి. తినిపించింది, స్నానం చేయించింది, పక్కకు తిప్పింది అక్కడి నర్సులు. ఆమెను వేరే చోటికి తరలించాలని చూసినప్పుడు అడ్డుపడిందీ వాళ్లే. ఆమెకు ప్రశాంతమైన మరణం అనుమతించాలన్న పిటిషన్ మీద 2011 మార్చి 7న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, అన్నేళ్లు మంచాన ఉన్నా ఆమె ఒంటి మీద ఒక్క పుండు కూడా పడకుండా చూసుకున్న ఆ సిబ్బందిని నోరారా మెచ్చుకుంది. ఆమె తరఫున మాట్లాడే హక్కు కూడా కెయీఎం వాళ్లదేనంది. కృతజ్ఞత చెప్పడానికి కుటుంబం లేని చోట ఆ పని న్యాయస్థానం చేసినట్టయింది. ఆమె ఆ స్థితిలో బతకడం న్యాయమా కాదా అన్న వాదన వేరే ఉంది. దాన్ని ఇక్కడికి లాగను. నేను చూస్తున్నది ఆ పుండు పడని ఒంటిని. దాదాపు 42 ఏళ్లు ఒక్క దేవత వల్ల కాదు. మొదట చూసుకున్న నర్సులు రిటైరయ్యారు, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లూ రిటైరయ్యారు, ఆమె మాట ఎలా ఉండేదో ఎన్నడూ వినని అమ్మాయిలు ఉద్యోగంలో చేరి ఆ గదిలోకి వచ్చారు. తమ తోటి నర్సు గనక అంత శ్రద్ధ అనొచ్చు. నిజమే, మొదటి తరానికి అది చాలు. చివర్లో వచ్చిన అమ్మాయికి అరుణ అందింది స్నేహితురాలిగా కాదు, డ్యూటీ మారేటప్పుడు ఒకరు ఇంకొకరికి అప్పజెప్పే మంచంగా. ఏ వేళకు తిప్పాలి, ఏది పెడితే మింగుతుంది, ఏ అలికిడికి ఉలిక్కిపడుతుంది అన్నవి ఆ అప్పగింతల్లోనే తరాలు దాటాయి. కనిపెట్టుకుని ఉండటం మనిషి నుంచి మనిషికి చేరుతుందని, ఒక ఆసుపత్రి దాన్ని తన అలవాటుగా చేసుకోగలదని చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు నాకు దొరకలేదు.

జీతం తీసుకుంటోంది కదా, చేయాల్సిన పనేగా చేసింది అనేవాళ్లున్నారు. ఈ మాట మొరటుగా వినిపిస్తుంది గానీ, ఒక రకంగా దేవత అన్న మాటకంటే నిజాయితీగా ఉందనిపిస్తుంది. ఉద్యోగమన్న సంగతైనా ఒప్పుకుంటోంది. అయితే ఆ జీతమెంతో కూడా చూడాలి. నర్సుల సంఘం వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం కమిటీ వేసింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. సిఫారసు చేయాల్సి వచ్చిందంటేనే అంతకు తక్కువ ఇస్తున్నారని కదా. దైవకార్యమన్న పొగడ్త ఇక్కడ యాజమాన్యాలకు బాగా పనికొస్తుంది. దేవతలు ఓవర్‌టైమ్ అడగరు. కరోనా వచ్చిన కొత్తలో, 2020 మార్చి 22 సాయంత్రం, ఆరోగ్య సిబ్బందికి కృతజ్ఞతగా దేశమంతా పళ్లేలు మోగించింది. ఆ ఏడాదిని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల సంవత్సరమని ముందే ప్రకటించి ఉంది కూడా. ఆ పళ్లేల మోత ఆగకముందే, రోగం అంటిస్తారన్న భయంతో అద్దె గదులు ఖాళీ చేయమన్న ఇళ్ల యజమానుల వార్తలు వచ్చాయి. పళ్లెం మోగించిన చేతులూ, గది తాళం అడిగిన చేతులూ వేరువేరని నేను ఖాయంగా చెప్పలేను.

ఇందులో మనింటి వ్యవహారం కూడా కొంత ఉంది. 1946లో ఆరోగ్య వ్యవస్థ మీద నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో 43 వేల జనాభాకు ఒక నర్సు ఉండేది. పరాయివాళ్ల మలమూత్రాలు ముట్టుకునే పని, మగవాళ్ల మధ్య రాత్రి డ్యూటీ అని పరువుగల ఇళ్లు తమ ఆడపిల్లలను అటు పంపలేదు. గుంటూరులో అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి లాంటి మిషన్ ఆసుపత్రులు, వాటిలో చేరిన క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు ఆ పని మోశారు. ఇప్పుడు కాలం మారింది, నర్సింగ్ కాలేజీలు చాలా వచ్చాయి. అయినా నాన్నను బతికించిన సిస్టరును దేవతన్న ఇల్లే, కూతురు ఇంటర్ బైపీసీ అయ్యాక బీఎస్సీ నర్సింగ్ అంటే, ఎంబీబీఎస్ రాకపోతే చూద్దాంలే అంటుంది. ఆ 'చూద్దాంలే'లో మన కృతజ్ఞతకు హద్దు ఎక్కడుందో తెలుస్తుంది.

చివరగా ఒక అభ్యంతరం నన్ను కాస్త ఇబ్బంది పెడుతుంది. ప్రాణం దక్కిందన్న ఆనందంలో ఉన్నవాళ్ల దగ్గరికి పోయి నర్సుకెన్ని మంచాలు, జీతమెంత అని అడగడం ఏం సంస్కారం? కృతజ్ఞత మనసులో పుట్టేది, దాన్ని లెక్కల పుస్తకం చేస్తే అది మిగులుతుందా? డిశ్చార్జ్ రోజున కాదు, ఒప్పుకుంటాను. ఆ రోజున మిఠాయి పెట్టె కొనడమో, పిడికిట్లో నోటు పెట్టబోతే ఆవిడ వద్దని చెయ్యి వెనక్కి తీసుకోవడమో, పిల్లలతో దండం పెట్టించడమో జరుగుతుంది, జరగనివ్వాలి. వారం పది రోజులు పోయాక, రోగి లేచి కూర్చుని పెరుగన్నం తింటున్నప్పుడు, ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఒక ఉత్తరం రాయవచ్చు. మంచి సిస్టరు అని రాస్తే ఆయన చదివి నవ్వి పక్కన పెడతారు. ఫలానా వార్డు, ఫలానా తేదీ, నైట్ డ్యూటీ. రెండు గంటల వేళ ఊపిరి వేగం పెరిగిందని గమనించి డాక్టరును పిలిపించారు. పక్షం రోజులు మంచాన ఉన్నా ఒంటి మీద పుండు పడలేదు అని రాస్తే అది ఆమె ఫైలులోకి వెళ్లే సాక్ష్యమవుతుంది, పదోన్నతి రోజున పనికొస్తుంది. అటెండెంటుగా రెండు రాత్రులు కూర్చుని, స్ట్రెచర్ తోసి, దుప్పటి మార్చినవాళ్లకు ఆ పని ఏమిటో తెలుసు గనక, అంతపాటి రాయడం వాళ్లకు కష్టమేమీ కాదు. ఆమె పేరు రాయాలి, నర్సుల స్టేషన్‌లో కనుక్కుంటే చెబుతారు. ఆ రాత్రి ఆమె చేతి కింద ఎన్ని మంచాలున్నాయో కూడా అదే ఉత్తరంలో రాయాలి. ఆ అంకె డ్యూటీ రిజిస్టరులో ఉంటుంది. ఆమెనే అడిగినా సరే.